కార్డులో లేని నొప్పి

నా పేరు మారిట్ హౌగెన్. వయసు యాభై ఏడు. మోంటానా రాష్ట్రం, ఆల్డర్ ఫోర్క్ ఊళ్లో ఉంటాను. స్కూలు బస్సు నడుపుతాను, ఏడో నంబరు రూటు. చలికాలంలో శని, ఆదివారాలు బిట్టర్ క్రీక్ మంచు కొండ మీద స్కీ పెట్రోల్ అనే గస్తీ దళంలో జీతం లేకుండా పనిచేస్తాను. ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. స్కీల మీద కొండ దిగుతూ పడి దెబ్బలు తగిలించుకున్నవాళ్లకు అక్కడికక్కడ వైద్యం చేసి, మంచు మీద జారే స్లెడ్ బండి మీద కిందికి చేర్చడం మా పని. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లకు అత్యవసర వైద్యం నేర్పే తరగతిని పందొమ్మిదేళ్లుగా నేనే నడుపుతున్నాను. పరీక్ష పెట్టేదీ నేనే. పాసయ్యారో లేదో చెప్పేదీ నేనే.

2014 ఫిబ్రవరి 19, బుధవారం, మధ్యాహ్నం 1:10కి షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీ హార్లన్ క్వేడ్ ఎదుట ఇది చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే వచ్చాను. మూడు గంటలకు మళ్లీ బస్సు తీయాలి, ఆలోపు ముగించగలరా అని అడిగాను. ముగిద్దామన్నారు.

చనిపోయిన ఓరిన్ టెష్ వయసు అరవై ఒకటి. నాకు ఏమవుతాడని డిప్యూటీ అడిగారు. ఇరవై రెండేళ్లు నా భర్త. పదకొండేళ్ల కిందట విడాకులు తీసుకున్నాం. పిల్లలు లేరు. విడిపోయినప్పుడు ఇల్లు నాకు వచ్చింది, ట్రక్కు అతనికి వెళ్లింది. పెట్రోల్ పని మాత్రం ఇద్దరిలో ఎవరమూ మానలేదు. పెట్రోల్ గదిలో కోట్లు తగిలించుకునే హుక్కులు ఇద్దరివీ పక్కపక్కనే ఉంటాయి. మార్చమని అతను అడగలేదు, నేనూ అడగలేదు.

కొండ యాజమాన్యం ఫిబ్రవరి 12న రాసిన నివేదిక నేను చదివాను. శిక్షణలో ఉన్న బ్రిన్ కలాహన్ రోగి పరిస్థితిని సకాలంలో గుర్తించలేదని, శిక్షణను వెంటనే ఆపలేదని అందులో ఉంది. ఆ మాట నిజం కాదు. నేను ఇక్కడికి వచ్చింది అందుకే.

బ్రిన్‌కు ఇరవై నాలుగేళ్లు. ఊళ్లో పశువుల దాణా దుకాణంలో పనిచేస్తుంది. పోయిన ఏడాది కూడా పరీక్షకు వచ్చింది. నేనే ఫెయిల్ చేశాను. ఆమెకు విషయం రాక కాదు. తరగతిలో అందరికన్నా బాగా చదివింది. కట్టు కట్టేముందు, స్లెడ్ ఎక్కించేముందు, ప్రతిదానికీ నా మొహం వైపు చూసేది. "కొండ మీద నా మొహం ఉండదు. నువ్వుంటావు, పడ్డవాడుంటాడు, అంతే" అని చెప్పి ఫెయిల్ చేశాను. ఆమె ఏడవలేదు. మళ్లీ వచ్చే ఏడాది ఏ తారీకు అని అడిగింది.

పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెట్రోల్‌లో పాతవాళ్లలో ఒకరు రోగిగా నటిస్తారు. ఏ దెబ్బ తగిలిందో ఒక కార్డు మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి రోగి మెడలో వేస్తాం. ఆ రోజు ఓరిన్ కార్డులో ఇలా ఉంది: "పురుషుడు, 45. చెట్టుకు గుద్దుకున్నాడు. ఎడమ తొడ ఎముక విరిగింది. స్పృహలో ఉన్నాడు." నాడి, శ్వాస, రక్తపోటు అంకెలు నా చేతిలోని కాగితంలో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నాడి పట్టుకుంటే రోగి నాడి దొరకదు కదా. అందుకని పరీక్ష రాసేవాళ్లు నాడి పట్టుకున్నాక ఆ అంకె నేను పైకి చదువుతాను. వాళ్లు రాసుకుంటారు. పందొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి.

ఇంకో నియమం కూడా ఉంది. నటించేవాడికి నిజంగా దెబ్బ తగిలితే "ఆట ఆపండి" అనాలి. ఆ మాట వినపడగానే అన్నీ ఆగిపోవాలి. ఓరిన్ ఆ మాట అనలేదు. ఎందుకనలేదని అందరూ నన్ను అడుగుతున్నారు. దాని సంగతికి తర్వాత వస్తాను.

రోగి వేషం ఓరిన్‌కు ఇష్టం. ఉత్తుత్తి రక్తం అతనే తన వంటింట్లో మొక్కజొన్న పాకంలో ఎర్ర రంగు కలిపి కాచేవాడు. కార్డులో లేనివి కల్పించేవాడు. ఒక ఏడాది చెవిటివాడినన్నాడు. ఒక ఏడాది ఇంగ్లిష్ రాదన్నాడు, మా అమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు నార్వే మాటలతో గంటసేపు నెట్టుకొచ్చాడు. ఆ నాలుగూ వంటకాల పేర్లు. పరీక్ష రాసే కుర్రవాడు చెమటలు కక్కుతూ అవన్నీ నొప్పి పేర్లనుకుని రాసుకున్నాడు. ఆ రోజు నేను నవ్వు ఆపుకోలేక కొండ వైపు తిరిగి నిలబడ్డాను. అప్పటికి మేం విడిపోయి రెండేళ్లు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది కొండకు సంబంధించింది కాదు. మేం కలిసున్న రోజుల్లోనే ఓరిన్ పనిచేసే కలప మిల్లు మూతపడింది. మూతపడిన తర్వాత కూడా పదకొండు వారాలు అతను రోజూ పొద్దున్నే భోజనం డబ్బా పట్టుకుని వెళ్లాడు. నది ఒడ్డున ట్రక్కులో కూర్చునేవాడు. సాయంత్రం వచ్చి ఆ రోజు మిల్లులో ఎవరు ఏమన్నారో చెప్పేవాడు. నేను భోజనం కట్టేదాన్ని. విడాకులకు ముందు, కోర్టు వాయిదాకు నాలుగు రోజుల ముందు, గుండెల్లో నొప్పన్నాడు. రెండున్నర గంటలు బండి నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. ఆ రోజు తర్వాత అతను చెప్పేది నమ్మడం మానేశాను. మానేశానని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను కూడా. ఆ అలవాటు నాది. బ్రిన్‌ది కాదు.

ఇక ఫిబ్రవరి 8, శనివారం. ఆకాశం తేటగా ఉంది. ఫారన్‌హీట్ ఆరు డిగ్రీల చలి. 7:40కి పెట్రోల్ గదిలో కలిశాం. నేను, ఓరిన్, పరీక్ష రాసేవాళ్లు ఐదుగురు. ఓరిన్ కిందనున్న కాంటీన్ నుంచి బిస్కెట్లూ, వాటి మీద పోసుకునే సాసేజ్ గ్రేవీ తెచ్చుకుని తిన్నాడు. తింటూ గుండె మీద చేత్తో రుద్దుకున్నాడు. నేను చూశాను. "ఏంటది?" అన్నాను.

"గ్రేవీ. ముసలాణ్నయ్యాను, గ్రేవీ కూడా నా మీద తిరగబడుతోంది" అన్నాడు.

"సగం తినాల్సింది."

"సగం గ్రేవీ ఎవడైనా తింటాడా, టీచరమ్మా?" అన్నాడు. తరగతి ఉన్న రోజుల్లో నన్ను అలాగే పిలిచేవాడు.

10:50కి పరీక్ష జరిగే చోటికి వెళ్లాం. జనాన్ని కొండపైకి చేర్చే రెండో లిఫ్టు కింద, ఆ రోజు జనానికి మూసి ఉంచిన వాలు అది. స్లెడ్ ఎప్పుడూ ఓరినే లాగేవాడు. ఆ రోజు పరీక్ష రాసేవాళ్లలో వెస్ అనే అతన్ని లాగమన్నాడు. అది కూడా నేను చూశాను. బద్ధకం అనుకున్నాను.

స్లెడ్‌లో సామాను సర్దింది నేను. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే మిషన్లు మా దగ్గర రెండున్నాయి. ఒకటి నిజమైంది, ఎర్ర పెట్టె. ఇంకోటి నేర్పడానికి, పసుపు పెట్టె. అది మాట్లాడుతుంది, షాక్ ఇవ్వదు. కొండ మీద జనం ఎక్కువ ఉన్నారని నిజమైన దాన్ని కొండ పైన పెట్రోల్ గుడిసెలోనే ఉంచి, పసుపుదాన్ని స్లెడ్‌లో పెట్టాను. పెట్టి, సామాన్ల చిట్టా మీద సంతకం చేశాను.

11:05కి ఓరిన్ ఒక ఫర్ చెట్టు మొదట్లో మంచు మీద పడుకున్నాడు. ఎడమ ప్యాంటు కాలికి పాకం పూసుకున్నాడు. నేను సీసాతో అతని మొహం మీద నీళ్లు చల్లాను, చెమట అనిపించడానికి. చల్లుతుంటే కళ్లు మూసుకున్నాడు.

"మొదట ఎవరు?" అన్నాడు.

"బ్రిన్."

"ఆ పిల్లేనా? ఈసారి పాస్ చెయ్యి మారిట్. దాణా బస్తాలు మోసే చేతులు, గట్టి పిల్ల."

"ఆమె చేస్తే పాసవుతుంది. నువ్వు మాత్రం కార్డులో ఉన్నదే చెయ్యి, ఎక్కువ చెయ్యకు."

ఆ మాట నేనన్నాను. కార్డులో ఉన్నదే చెయ్యమని.

11:08కి మొదలుపెట్టమని చెయ్యి ఊపాను. నేను వాలు మీద, వాళ్లకు పన్నెండు అడుగుల పైన నిలబడ్డాను. మిగతా నలుగురు నా వెనకున్నారు. బ్రిన్ 11:10కి అతని దగ్గరికి చేరింది. స్కీలు విప్పి, చెట్టు కొమ్మల మీద నిలిచిన మంచు తమ మీద పడకుండా చూసుకుని, మోకాళ్ల మీద కూర్చుంది. అన్నీ సరిగ్గా చేసింది. నా వైపు చూడలేదు. నేను కాగితం మీద టిక్కులు పెడుతూ పోయాను.

ఓరిన్ ఆమెను ఆటపట్టించాడు. అది నాకు వినపడింది. "పోయినసారి నా కాలు కుర్చీ కాలనుకుని లాగావు. ఈసారి కాస్త దయుంచు" అన్నాడు. బ్రిన్ "ఈసారి మెల్లగా లాగుతాలెండి" అంది. అది 11:12.

11:14కి ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ముప్ఫై సెకన్లు పట్టుకుంది. మళ్లీ ముప్ఫై సెకన్లు పట్టుకుంది. నేను పైనుంచి అంకె చదివాను. "నాడి ఎనభై ఎనిమిది. సమంగా ఉంది."

"నాకు నూట పన్నెండు తగిలింది. మధ్యమధ్యలో దెబ్బ తప్పుతోంది" అంది బ్రిన్.

"నేను చెప్పింది రాసుకో."

"నా వేళ్లకి అలా తగలట్లేదు, మారిట్."

"నీ వేళ్లు చలికి మొద్దుబారాయి. ఎనభై ఎనిమిది అని రాసుకో."

నాడిని ఎవరూ నటించలేరు. చెవుడు నటించవచ్చు, నొప్పి నటించవచ్చు, నార్వే వాడినని నటించవచ్చు. నాడిని నటించలేరు. ఈ మాట ప్రతి ఏడాదీ తరగతి మొదటి రోజు నేను చెబుతాను. ఈ ఏడాదీ చెప్పాను.

11:17కి బ్రిన్ నా వైపు తిరిగింది. "దవడ నొప్పంటున్నారు. ఎడమ భుజం కూడా. ఇది కార్డులో లేదు అంటున్నారు" అంది.

నేను నవ్వాను. "ఏటా అదే అంటాడు. ఇంకేం చేస్తావో చెయ్యి" అన్నాను.

నిజానికి "ఇది కార్డులో లేదు" అని ఓరిన్ అంతకుముందు ఏ ఏడాదీ అనలేదు. కార్డులో లేనివి చేసేవాడు కానీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. నాకది తెలుసు. అయినా నా నోటి నుంచి ఏటా అదే అంటాడు అని వచ్చింది.

ఆ తర్వాత అతను ఆమెతో ఏమన్నాడో నాకు వినపడలేదు. బ్రిన్ తర్వాత చెప్పింది. "ఇది కార్డులో లేదు పిల్లా. కానీ నువ్వు ఆపకు. ఆపితే మళ్లీ ఏడాది ఆగాలి నువ్వు. నీ పని కానీ" అన్నాడట. "ఆట ఆపండి" అని ఎందుకు అనలేదంటే నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే. గ్రేవీ అనే ఇంకా అనుకుంటూ ఉండి ఉండవచ్చు. అది నేను చెప్పలేను.

11:19కి బ్రిన్ లేచి నిలబడింది. "మారిట్, వాళ్లావిడకి ఫోన్ చెయ్యమంటున్నారు. నా భార్యని పిలువు అంటున్నారు. నంబరు మీ దగ్గరుందా?"

మేం ఒకప్పుడు భార్యాభర్తలమని బ్రిన్‌కు తెలియదు. ఈ ఊరికి వచ్చి మూడేళ్లే అయింది. ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

నేను ఇలా అన్నాను: "అతనికి భార్య లేదు. రోగి అయోమయంలో ఉన్నాడని రాసుకో."

డిప్యూటీ ఇక్కడ కాసేపు ఆపుదామా అన్నారు. అక్కర్లేదన్నాను. ఆ మాటను నేను ఎలా అన్నానో అలాగే రాయమన్నాను. అతనికి భార్య లేదు, రోగి అయోమయంలో ఉన్నాడని రాసుకో. అలా అన్నాను. వెనకున్న నలుగురిలో ఎవరో చిన్నగా నవ్వారు. పరీక్షలో భాగమనుకున్నారు.

బ్రిన్ రాసుకుంది. మా వాళ్లు తొడ మీద తెల్ల టేపు అంటించుకుని దాని మీదే రాసుకుంటారు, చేతులు ఖాళీగా ఉంటాయని. రాసుకుని మళ్లీ కూర్చుంది. చేతి తొడుగు తీసి అతని మెడ దగ్గర, కోటు కింద చెయ్యి పెట్టింది. నేను నీళ్లు చల్లింది మొహం మీదే. మెడ కింద చల్లలేదు. అక్కడ లోపలి చొక్కా తడిసి ఉంది.

11:21కి ఆమె నన్ను ఏమీ అడగలేదు. రేడియో తీసింది. "పై గుడిసె, పై గుడిసె. నేను బ్రిన్. ఇది శిక్షణ కాదు. మూసిన వాలు మీద నిజమైన రోగి, గుండె నొప్పి. ఎర్ర పెట్టె, ఆక్సిజన్ పంపండి. హెలికాప్టర్‌ని పిలవండి. ఇది శిక్షణ కాదు" అంది. రెండుసార్లు అంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

నేను కోపంగా కిందికి దిగాను. ఇది కూడా రాయండి. భయంతో కాదు, కోపంతో దిగాను. పరీక్ష పాడుచేసిందని, గుడిసెలో వాళ్లను అనవసరంగా పరిగెత్తిస్తోందని తిట్టడానికి దిగాను. దిగి, అతని మెడ మీద వేళ్లు పెట్టాను. అప్పుడు కోపం పోయింది. సమయం 11:22.

నా నడుం సంచిలో ఆస్పిరిన్ ఉంది. నాలుగు చిన్న బిళ్లలు తీసి నమలమన్నాను. ఒకటి మంచులో పడింది. మూడు నమిలాడు. నన్ను చూశాడు. నేనే అని తెలిసింది అతనికి.

"దీనికి ఆ పిల్ల మార్కులు కొయ్యకు" అన్నాడు.

"మాట్లాడకు, ఓరిన్" అన్నాను.

"చల్లగా ఉంది."

"మాట్లాడకు" అన్నాను.

మాట్లాడకూడదని వైద్యం చెబుతుంది, శ్రమ తగ్గించాలి కాబట్టి. సరైన మాటే. ఇప్పుడు ఎవరు అడిగినా ఆ స్థితిలో అదే అనాలని నేర్పుతాను. 11:24కి అతని కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. శ్వాస లేదు. మెడ దగ్గర నాడి లేదు.

బ్రిన్ కోటు చించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. పైకి లెక్కపెట్టింది. నేను మాస్కుతో గాలి ఊదాను. ముప్ఫై నొక్కులకు రెండు గాలులు. రెండు నిమిషాలకోసారి చేతులు మారాం. వెస్ స్లెడ్ దగ్గరికి పరిగెత్తి పెట్టె తెచ్చాడు. పసుపు పెట్టె. మూత తీశాడు. అది మాట్లాడటం మొదలుపెట్టింది. రోగి దగ్గర ప్రశాంతంగా ఉండండి అంది. ఎవరో దాన్ని ఆపేవరకు మాట్లాడుతూనే ఉంది.

11:28కి పై గుడిసె నుంచి మా పెట్రోల్ మనిషి గార్త్ ఎర్ర పెట్టెతో వచ్చాడు. ప్యాడ్లు అంటించడానికి మెడలోని కార్డు తాడు కత్తిరించాను. మొదటి షాక్ 11:29. రెండోది 11:31. మూడోది 11:33. ఆ తర్వాత షాక్ అవసరం లేదని మిషన్ చెప్పింది. ఆ మాటకు గుండె కొట్టుకుంటోందని అర్థం కాదు. మేం నొక్కుతూనే కిందికి చేర్చాం. స్లెడ్ మీద కూడా బ్రిన్ అతని మీదికి ఎక్కి కూర్చుని నొక్కుతూనే ఉంది. వెనక తాడు పట్టుకుని నేను దిగాను.

హెలికాప్టర్ 12:02కి పార్కింగ్ స్థలంలో దిగింది. అందులో వచ్చిన నర్సు అతని కాలు చూసి "ఈ రక్తం ఎక్కడిది?" అని గట్టిగా అడిగింది. ప్యాంటు కత్తిరించబోయింది. "అది పాకం" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "పాకం. మొక్కజొన్న పాకం. ఇంట్లో కాచాడు" అన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. గార్త్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. 12:26కి హెలికాప్టర్ వాళ్లు ఛాతీ నొక్కడం ఆపేశారు.

అతని దగ్గరి బంధువు ఎవరని నర్సు అడిగింది. నెవాడాలో ఒక చెల్లెలుందని చెప్పాను. నంబరు నాకు తెలుసు. నేనే చేశాను. అప్పుడు బ్రిన్ నా పక్కనే నిలబడి ఉంది. ఫోన్‌లో చెల్లెలు నన్ను వదినా అని పిలిచింది, పాత అలవాటు. బ్రిన్ విన్నది. నా మొహం చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు, ఎవరిని పిలవమన్నాడో.

పదమూడో తారీకు, గురువారం అతని అంత్యక్రియలు జరిగాయి. చర్చిలో నేను మూడో వరసలో కూర్చున్నాను. మొదటి వరస కుటుంబానికి. బ్రిన్ రాలేదు. అంతకుముందు రోజే యాజమాన్యం నివేదిక ఆమెకు చేరింది. పెట్రోల్ కోటు ఉతికి, మడతపెట్టి, గది తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

పదహారో తారీకు, ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు ఆమె మా ఇంటికి వచ్చింది. అంత చలిలో కోటు వేసుకోలేదు, చొక్కా ఒక్కటే. లోపలికి రమ్మన్నాను. సూప్ వేడి చేశాను. తినలేదు. ఆ రోజు తొడ మీద అంటించుకున్న టేపు తెచ్చింది. దాన్ని ఈ కాగితాలకు జతచేయమని డిప్యూటీకి ఇస్తున్నాను. అందులో ఇలా ఉంది: "11:14 నాడి 112, తప్పుతోంది. 88 అని రాయమన్నారు. 11:17 దవడ, భుజం. కార్డులో లేదు. మారిట్‌కి చెప్పాను. 11:19 భార్యను పిలవమంటున్నారు. మారిట్‌కి చెప్పాను." దాని కింద "రోగి అయోమయం" అని రాసి, అడ్డంగా గీత కొట్టి ఉంది. తర్వాత "11:21 నిజం." అంతే. ఆ టేపులో ఉన్న ప్రతి మాటా సరైందే. కొట్టేసిన గీత కూడా సరైందే.

"కొట్టేసింది ఎప్పుడు?" అని అడిగాను.

"రాసిన వెంటనే. ఆయన చూపు అయోమయంగా లేదు" అంది.

తర్వాత అడిగింది. "మారిట్, ఒక్కటి చెప్పండి. మీరు నవ్వినప్పుడే, పదకొండూ పదిహేడుకే నేను రేడియో తీసుంటే?"

"ఏం మారేది కాదు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే. డాక్టర్ కూడా అదే అన్నాడు."

ఆమె బల్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నిద్రపోయింది. ఎనిమిది రోజులుగా నిద్ర లేదట. మూడు గంటలు అలాగే కుర్చీలో నిద్రపోయింది. దుప్పటి కప్పాను. సాయంత్రం లేచి సూప్ తాగి వెళ్లింది. వెళ్లేటప్పుడు నా కోటు ఒకటి ఇచ్చాను.

శవపరీక్ష చేసిన డాక్టర్ అలా అనలేదు. మొదటి నిమిషంలోనే షాక్ పడితే చాలామంది బతుకుతారని అన్నాడు. ఓరిన్ ఆ చాలామందిలో ఉండేవాడా అంటే చెప్పలేనన్నాడు. పై గుడిసె నుంచి ఎర్ర పెట్టె రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. 11:21కి పిలిస్తే 11:28కి వచ్చింది. 11:17కి పిలిచి ఉంటే 11:24కి వచ్చేది. అతని గుండె ఆగింది 11:24కి.

ఈ ఆఖరి మాటలు బ్రిన్‌కు తెలియకుండా ఉంచగలరా అని అడిగాను. డిప్యూటీ క్వేడ్ పెన్ను కింద పెట్టారు. ఇది ఫైల్లో చేరాక ఆమె అడిగితే చూపించాల్సిందేనని చెప్పారు. ఇంకా సంతకం కాలేదు కాబట్టి ఆ వాక్యాలు కొట్టేయవచ్చని కూడా చెప్పారు. నేను గడియారం చూశాను. 2:30 అయింది. అవి కొట్టేస్తే ఆ నాలుగు నిమిషాలు ఎవరివో కాగితంలో ఉండదు. ఎవరికి తోచినవాళ్ల మీద వాళ్లు వేస్తారు. ఇప్పటికే వేశారు. ఉండనివ్వండి అన్నాను.

బస్సు రూటు 4:50కి అయిపోతుంది. అక్కడి నుంచి తిన్నగా బ్రిన్ ఇంటికి వెళతాను. ఆమె ఇది కాగితంలో చదవకముందే నా నోటితో చెబుతాను. ఆదివారం నేను అబద్ధమాడానని చెబుతాను. ఆ నిమిషాలు నావని చెబుతాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడవచ్చు, మాట్లాడకపోవచ్చు. ఆమె పరీక్ష కాగితం మీద పాసైనట్టు రాసి ఇప్పటికే కౌంటీ ఆఫీసుకు పంపించాను. ఈ పరీక్ష ఇక నేను పెట్టనని దాని కిందే రాశాను.

ఇదంతా డిప్యూటీ నాకు మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించారు. రెండు చోట్ల సమయాలు తప్పుగా పడితే దిద్దించాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఆశ చూపలేదు. నేను చూసింది, విన్నది, అన్నది ఇందులో ఉంది. నాకు తెలిసి దీనిలో అబద్ధం లేదు.

సంతకం: ~~మారిట్ టెష్~~ మారిట్ హౌగెన్
మధ్యాహ్నం 2:44

సాక్షి మొదట ఒక పేరు రాసి, తనే కొట్టేసి, రెండో పేరు రాశారు. దిద్దుబాటు నా ఎదుటే జరిగింది. కాగితం మార్చి ఇవ్వనా అని అడిగాను. వద్దన్నారు.
డిప్యూటీ హార్లన్ క్వేడ్